పార్కిన్సన్ వ్యాధి మందులు – ఆహారం: మాత్రకు, భోజనానికి మధ్య పాటించవలసిన వ్యవధి

ప్రస్తావన

గ్రామాలలో వయసు పైబడినవారికి చేతులు వణకడం, అడుగులు చిన్నవి కావడం, మాట సన్నబడడం, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి కూడా చాలా సమయం పట్టడం వంటి లక్షణాలు కనిపించినప్పుడు వాటన్నింటినీ 'నరాల బలహీనత' అనే ఒకే మాట కింద చేర్చడం పరిపాటి. ఇటువంటి వారిలో కొందరికి ఉన్నది పార్కిన్సన్ వ్యాధి. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధి లక్షణాలను ఒక చిన్న గ్రంథంలో వివరించాడు. ఆయుర్వేదంలో కంపవాతం పేరుతో చెప్పిన లక్షణాలు దీనికి దగ్గరగా ఉంటాయి. మధ్యమెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే నాడీకణాలు క్రమంగా నశించడం వల్ల కదలికలపై అదుపు తగ్గిపోతుంది. ఈ వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేదు. అయితే లెవోడోపా అనే మందు లక్షణాలను చాలావరకు అదుపులో ఉంచి, రోగి తన పనులు తాను చేసుకునేందుకు తోడ్పడుతుంది.

ఈ మందు పనితీరు ఆహారంపై ఎంతగానో ఆధారపడి ఉంటుంది. అందువల్ల ఈ అంశం వైద్యులకు మాత్రమే పరిమితమైనది కాదు. గ్రామీణ కుటుంబాలకు విస్తరణ శాస్త్రవేత్తలు సాధారణంగా ఇచ్చే సలహాలలో మూడింటిని గమనించవలసి ఉంది. అవి: పప్పుధాన్యాల వాడకం పెంచడం, రక్తహీనత నివారణకు ఇనుము మాత్రలు వేసుకోవడం, ఔషధ మొక్కలను పెంచి వినియోగించడం. మూడూ మేలైన సలహాలే. కానీ లెవోడోపా వాడే వ్యక్తి ఇంట్లో ఉన్నప్పుడు ఈ మూడింటికీ మందుతో సంబంధం ఏర్పడుతుంది. ఏ సలహానూ ఉపసంహరించుకోవలసిన పని లేదు. ప్రతి సలహాకు 'ఎప్పుడు' అనే మాటను జోడించవలసి ఉంటుంది. ఆ జోడింపుకు గల శాస్త్రీయ ఆధారాలను, ఆచరణ విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

లెవోడోపా శరీరంలో సాగించే ప్రయాణం

డోపమిన్ లోపమే వ్యాధికి మూలమైనప్పుడు డోపమిన్‌నే మాత్రగా ఇవ్వవచ్చు కదా అనే సందేహం విద్యార్థులకు కలగడం సహజం. రక్తానికి, మెదడుకు మధ్య ఉన్న రక్షణ పొరను డోపమిన్ దాటలేదు. దాని పూర్వరూపమైన లెవోడోపా ఆ పొరను దాటి, మెదడులోకి చేరిన తరువాత డోపమిన్‌గా మారుతుంది. 1961లో వియన్నా నగరంలో బిర్క్‌మేయర్, హార్నికీవిచ్ అనే శాస్త్రవేత్తలు లెవోడోపాను రోగులకు సూది ద్వారా ఇచ్చి ఫలితాన్ని గమనించారు. 1967లో అమెరికాలో జార్జి కొట్జియాస్ నోటి ద్వారా మోతాదును క్రమంగా పెంచుతూ ఇచ్చి స్థిరమైన ప్రయోజనాన్ని నిరూపించాడు.

లెవోడోపాను ఒంటరిగా ఇస్తే అందులో అధికభాగం పేగులలోనూ, రక్తంలోనూ డోపమిన్‌గా మారిపోతుంది. మెదడుకు చేరేది ఒక శాతం లోపే. పైగా వెలుపల తయారైన డోపమిన్ వల్ల వికారం, వాంతులు కలుగుతాయి. ఈ వృథాను అరికట్టడానికి కార్బిడోపా అనే మరో పదార్థాన్ని జతచేస్తారు. ఇది మెదడులోకి ప్రవేశించదు కనుక వెలుపలి మార్పును మాత్రమే ఆపుతుంది. అందువల్ల తక్కువ లెవోడోపాతోనే ఎక్కువ ప్రయోజనం కలుగుతుంది. మన ప్రాంతంలో రోగులు వాడే మాత్రలలో ఈ రెండూ కలిసే ఉంటాయి.

మాత్ర మింగిన తరువాత మందు మూడు మజిలీలు దాటాలి. మొదటిది జీర్ణాశయం. ఇక్కడ మందు రక్తంలో కలవదు, ముందుకు కదలడానికి వేచి ఉంటుంది. రెండవది చిన్నపేగు పైభాగం. మందు రక్తంలోకి చేరేది ఇక్కడే. మూడవది రక్తానికి, మెదడుకు మధ్య ఉన్న పొర. ఆహారం ఈ మూడు చోట్లా అడ్డు తగలగలదు. నూనె, నెయ్యి ఎక్కువగా ఉన్న భోజనం జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. మాంసకృత్తులు రెండవ, మూడవ మజిలీలలో పోటీకి దిగుతాయి. కార్బిడోపాతో కలిపి ఇచ్చినప్పుడు కూడా రక్తంలో లెవోడోపా పరిమాణం దాదాపు గంటన్నరలో సగానికి తగ్గుతుంది. కాబట్టి దారిలో అరగంట ఆలస్యమైనా రోగికి ఆ తేడా తెలుస్తుంది.

మాంసకృత్తులతో పోటీ

రసాయన నిర్మాణపరంగా లెవోడోపా కూడా ఒక అమైనో ఆమ్లమే. పేగు గోడను, మెదడు పొరను దాటడానికి అది పెద్ద తటస్థ అమైనో ఆమ్లాలను మోసే రవాణా వ్యవస్థను ఉపయోగించుకుంటుంది. ఫినైల్ అలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ కూడా ఇదే వ్యవస్థ ద్వారా ప్రయాణిస్తాయి. పప్పు, పాలు, గుడ్డు, మాంసం జీర్ణమైనప్పుడు ఇవి పెద్దసంఖ్యలో విడుదలవుతాయి. రేవులో పడవలు కొన్నే ఉండి, ప్రయాణికులు ఎక్కువగా వస్తే కొందరు ఒడ్డునే ఉండిపోయినట్లు, లెవోడోపాలో కొంత భాగం దాటలేక మిగిలిపోతుంది.

1975లో మెనా, కొట్జియాస్ ఆహారంలోని మాంసకృత్తులకు, లెవోడోపా ప్రభావానికి గల సంబంధాన్ని ప్రకటించారు. 1984లో నట్, ఆయన సహచరులు తొమ్మిదిమంది రోగులపై జరిపిన అధ్యయనం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేసింది. భోజనంతో కలిపి మందు తీసుకున్నప్పుడు రక్తంలో లెవోడోపా గరిష్ఠ స్థాయి 29 శాతం తగ్గింది. అది రక్తంలో కలవడం 34 నిమిషాలు ఆలస్యమైంది. తరువాత లెవోడోపాను నేరుగా రక్తనాళంలోకి ఎక్కిస్తూ మాంసకృత్తులు అధికంగా ఉన్న ఆహారం ఇచ్చారు. రక్తంలో మందు స్థాయి తగ్గకపోయినా రోగుల కదలికలు మళ్లీ మందగించాయి. అంటే పేగును పూర్తిగా పక్కకు తప్పించినా మెదడు పొర వద్ద పోటీ కొనసాగిందన్నమాట. అదే అధ్యయనంలో ఫినైల్ అలనిన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్ ఇచ్చినప్పుడు మందు ప్రభావం తగ్గింది. వేరే రవాణా వ్యవస్థను ఉపయోగించుకునే గ్లైసిన్, లైసిన్ ఇచ్చినప్పుడు తగ్గలేదు.

తెలుగువారి భోజన క్రమంలో ఎదురయ్యే పరిస్థితి

వ్యాధి తొలి సంవత్సరాలలో మెదడులో మిగిలిన కణాలు డోపమిన్‌ను నిల్వచేసి అవసరానికి విడుదల చేయగలవు. అందువల్ల మాత్రను భోజనంతో కలిపి తీసుకున్నా రోగికి పెద్ద తేడా తెలియదు. సంవత్సరాలు గడిచేకొద్దీ ఆ నిల్వ శక్తి తగ్గిపోయి, ప్రతి మాత్ర ప్రభావం కొన్ని గంటలకే పరిమితమవుతుంది. మందు పనిచేసే సమయాన్ని 'ఆన్' స్థితి అని, ప్రభావం తగ్గిన సమయాన్ని 'ఆఫ్' స్థితి అని వ్యవహరిస్తారు. ఆహారం ప్రభావం ఈ దశలో బయటపడుతుంది.

ఉదాహరణకు, రోజూ ఉదయం ఎనిమిది గంటలకు మాత్ర వేసుకుని పొలం గట్టు వరకు నడిచి వచ్చే ఒక రైతును ఊహించవచ్చు. ఆయన ఉప్మా తిన్న రోజున నడక సాఫీగా సాగి, పెసరట్టు తిన్న రోజున గడప దాటడం కష్టమైతే, కుటుంబ సభ్యులు ఆ తేడాకు కారణం వాతావరణమనో, మందు నాసిరకమనో భావిస్తారు. 100 గ్రాముల పెసలలో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. తోడుగా వేరుశనగ పచ్చడి, గ్లాసు పాలు ఉంటే పోటీ మరింత పెరుగుతుంది. కారణం తెలియని కుటుంబం మరొక మాత్ర అదనంగా వేయడమో, మందు పనిచేయడం లేదని మానివేయడమో చేస్తుంది. రెండూ ప్రమాదకరమే. లెవోడోపాను అకస్మాత్తుగా మానివేస్తే తీవ్ర జ్వరం, కండరాలు బిగుసుకుపోవడం, స్పృహ తప్పడం వంటి ప్రాణాంతక పరిస్థితి తలెత్తవచ్చు.

మధ్యాహ్న భోజనంలోనూ ఇదే సమస్య ఉంటుంది. ముద్దపప్పుతో మొదలై పెరుగన్నంతో ముగిసే భోజనం పోషకాహార దృష్టితో ఉత్తమమైనది. కానీ ఆ భోజనం మధ్యలో మాత్ర మింగడం తగదు. మాత్రను భోజనానికి కనీసం అరగంట ముందు గాని, భోజనమైన గంట లేదా రెండు గంటల తరువాత గాని మంచినీటితో తీసుకోవాలి. పాలతో మింగడం తగదు. వ్యాధి ఏ దశలో ఉన్నవారైనా పాటించదగిన తొలి నియమం ఇదే. దీనికి ఖర్చు లేదు. ఏ ఆహారాన్నీ వదులుకోవలసిన అవసరమూ లేదు.

మందు కొత్తగా ప్రారంభించినవారికి ఖాళీ కడుపుతో వికారం కలగవచ్చు. అటువంటివారు మాత్రతో పాటు కొద్దిగా గంజి, ఒక అరటిపండు లేదా రెండు బిస్కెట్లు వంటి మాంసకృత్తులు తక్కువగా ఉన్న పదార్థం తీసుకోవచ్చు. నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రలను నూరడం, నమలడం చేయరాదు. వాటిని తీసుకునే పద్ధతిని వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

మాంసకృత్తుల పునర్విభజన

మాత్రకు, భోజనానికి మధ్య వ్యవధి పాటించినా 'ఆఫ్' సమయాలు ఎక్కువగా ఉన్నవారికి మరొక పద్ధతి ఉంది. రోజుకు అవసరమైన మాంసకృత్తుల మొత్తాన్ని తగ్గించకుండా, వాటిలో అధికభాగాన్ని రాత్రి భోజనానికి మార్చడమే ఈ పద్ధతి. 1987లో పిన్కస్, బ్యారీ అనే పరిశోధకులు దీనిని ప్రతిపాదించారు. పగటిపూట పని, నడక అవసరమైన గంటలలో మందుకు పోటీ తగ్గుతుంది. రాత్రి విశ్రాంతి వేళ మందు ప్రభావం కొంత తగ్గినా నష్టం తక్కువ.

తొలి అధ్యయనాలలో పగటి మాంసకృత్తులను సుమారు 10 గ్రాముల లోపునకు పరిమితం చేశారు. ధాన్యం ప్రధానమైన తెలుగువారి భోజనంలో అంతగా తగ్గించడం కష్టం. 100 గ్రాముల బియ్యంలోనే సుమారు 8 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కాబట్టి పగలు పప్పు, పాలు, గుడ్డు, మాంసం, వేరుశనగలను తగ్గించి, ధాన్యం, కూరగాయలతో సరిపెట్టుకోవడం ఆచరణ సాధ్యమైన మార్గం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన సిఫారసుల ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు ప్రతి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరం. 65 కిలోల పురుషునికి ఇది 54 గ్రాములవుతుంది. ఈ మొత్తాన్ని కింది విధంగా సర్దవచ్చు.

ఉదయం: 60 గ్రాముల రవ్వతో కూరగాయల ఉప్మా – సుమారు 6 గ్రాములు.

మధ్యాహ్నం: 125 గ్రాముల బియ్యంతో అన్నం, సొరకాయ లేదా బీరకాయ కూర, పప్పు లేని చారు – సుమారు 10 నుండి 12 గ్రాములు.

సాయంత్రం: ఒక పండు లేదా మరమరాలు – ఒకటి రెండు గ్రాములు.

రాత్రి: 75 గ్రాముల బియ్యంతో అన్నం, 60 గ్రాముల కందిపప్పుతో ఆకుకూర పప్పు, రెండు గుడ్లు – సుమారు 32 గ్రాములు. పడుకునే ముందు ఒక గ్లాసు పాలు – సుమారు 6 గ్రాములు.

మొత్తం సుమారు 56 గ్రాములు. అంటే పోషకాహార అవసరం తీరుతూనే, పగటి పని గంటలలో పోటీ తగ్గుతుంది. గుడ్డు తిననివారు రాత్రి పెరుగు, సోయా లేదా శనగలతో ఆ లోటును పూరించుకోవచ్చు.

ఈ పద్ధతి అందరికీ అవసరం లేదు. 'ఆన్', 'ఆఫ్' తేడాలు స్పష్టంగా ఉన్నవారికి మాత్రమే, వైద్యుని సలహాతో దీనిని సూచించాలి. ఆహారం మారినప్పుడు అదే మోతాదులో ఎక్కువ మందు మెదడుకు చేరుతుంది. దాని వల్ల శరీరం మెలికలు తిరిగే అసంకల్పిత కదలికలు రావచ్చు. అప్పుడు మోతాదు తగ్గించవలసి ఉంటుంది. బరువు తగ్గిపోతున్నవారిలో ఈ పద్ధతిని జాగ్రత్తగా గమనించాలి. పార్కిన్సన్ రోగులలో వణుకు వల్ల శక్తి వినియోగం పెరగడం, మింగడం కష్టం కావడం, వాసన తెలియక ఆహారంపై కోరిక తగ్గడం వల్ల బరువు తగ్గడం సాధారణం. 'ఈ జబ్బుకు పప్పు పనికిరాదు' అనే మాట ఊరిలో వ్యాపిస్తే, కండ కరిగిపోయి, రోగి పడిపోయి ఎముక విరిగే అవకాశం పెరుగుతుంది. అటువంటి పథ్యం వల్ల జరిగే హాని మందు ఒక పూట సరిగా పనిచేయకపోవడం కంటే పెద్దది.

ఇనుము మాత్రలు, విటమిన్ బి6

ఇనుము లవణాలు జీర్ణకోశంలో లెవోడోపాతో బంధమేర్పరచుకుంటాయి. ఈ బంధంలో చిక్కిన మందు రక్తంలోకి చేరదు. ఆరోగ్యవంతులపై జరిపిన అధ్యయనాలలో ఫెర్రస్ సల్ఫేట్ మాత్రతో కలిపి ఇచ్చినప్పుడు రక్తంలోకి చేరిన లెవోడోపా సుమారు సగానికి తగ్గింది. కార్బిడోపా కూడా ఇదే విధంగా ప్రభావితమవుతుంది. ఎంటకపోన్ అనే మరో పార్కిన్సన్ మందు సైతం ఇనుముతో బంధమేర్పరచుకుంటుంది. కాబట్టి ఇనుము మాత్రకు, ఈ మందులకు మధ్య కనీసం రెండు గంటల వ్యవధి ఉండాలి. చాలామందికి ఇనుము మాత్రను రాత్రి పడుకునే ముందు వేసుకోవడం అనుకూలంగా ఉంటుంది. ఖనిజ లవణాలు కలిపిన బలవర్ధక మాత్రలకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. గోంగూర, తోటకూర, రాగులు వంటి ఆహార పదార్థాలను ఈ కారణంగా మానవలసిన అవసరం లేదు.

విటమిన్ బి6 విషయంలో గతంలో గట్టి నిషేధం ఉండేది. లెవోడోపాను డోపమిన్‌గా మార్చే ఎంజైముకు ఈ విటమిన్ తోడ్పడుతుంది. లెవోడోపాను ఒంటరిగా వాడిన రోజులలో రోజుకు 10 నుండి 25 మిల్లీగ్రాముల బి6 తీసుకుంటే మందు ప్రభావం బాగా తగ్గిపోయేది. కార్బిడోపా జతచేరిన తరువాత ఈ సమస్య చాలావరకు తొలగిపోయింది. కార్బిడోపా సక్రమంగా పనిచేయడానికి రోజుకు 70 నుండి 100 మిల్లీగ్రాములు అవసరం. 'నరాల బలహీనత' పేరుతో బి6 అధిక మోతాదులో ఉన్న మాత్రలు, సూదిమందులు పల్లెలలో విరివిగా వాడుకలో ఉన్నందున, వాటి వివరాలను వైద్యునికి తప్పక చెప్పాలి.

దూలగొండి: ఔషధ మొక్కగా అవకాశం, హెచ్చరిక

వ్యవసాయ విద్యార్థులకు ప్రత్యేక ఆసక్తి కలిగించే మొక్క దూలగొండి. దీని శాస్త్రీయ నామం మ్యుకునా ప్రూరియెన్స్. ఆయుర్వేదంలో దీనిని కపికచ్ఛువు, ఆత్మగుప్త అంటారు. కాయలపై ఉండే నూగు చర్మానికి తగిలితే తీవ్రమైన దురద పుడుతుంది. నూగు లేని సాగు రకాన్ని పచ్చిరొట్టగా, నేలను కప్పి ఉంచే పంటగా పెంచుతారు. లెవోడోపాను 1913లో గుగెన్‌హైమ్ అనే శాస్త్రవేత్త విసియా ఫాబా అనే చిక్కుడు జాతి మొక్క నుండి వేరుచేశాడు. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే పరిశోధకులు దూలగొండి గింజలలో అదే పదార్థాన్ని గుర్తించి వేరుచేశారు. పార్కిన్సన్ వ్యాధికి లెవోడోపా మందుగా రావడానికి రెండు దశాబ్దాలకు పైగా ముందే ఈ పని జరిగింది.

దూలగొండి గింజలలో లెవోడోపా సాధారణంగా 4 నుండి 6 శాతం వరకు ఉంటుంది. రకాన్ని, నేలను, వాతావరణాన్ని, గింజను వండిన పద్ధతిని బట్టి ఇది మారుతుంది. దక్షిణ భారతంలోని కొన్ని గిరిజన సమూహాలు ఈ గింజలను పలుమార్లు ఉడికించి నీళ్లు పారబోసి తింటాయి. ఆ క్రమంలో లెవోడోపాతో పాటు ఇతర అవాంఛనీయ పదార్థాలు కూడా తగ్గుతాయి. తెలుగువారు రోజూ కూరగా వండుకునే చిక్కుడు వేరే జాతికి చెందినది. దానిని దూలగొండితో గాని, విసియా ఫాబాతో గాని ఒకటిగా భావించరాదు.

వైద్య పరిశోధనలలో దూలగొండి పొడికి నిజమైన ప్రభావం కనిపించింది. 2004లో లండన్‌లో ఎనిమిదిమంది రోగులపై జరిపిన అధ్యయనంలో 30 గ్రాముల పొడి సుమారు 35 నిమిషాలలో పనిచేయడం ప్రారంభించగా, పోల్చి చూసిన మాత్రకు సుమారు 69 నిమిషాలు పట్టింది. ఆ 30 గ్రాముల పొడిలో ఉన్న లెవోడోపా 1000 మిల్లీగ్రాములు. మందులు కొనుక్కోలేని ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని బొలీవియాలో కొనసాగించిన అధ్యయనాలలో కూడా ఒక మోతాదు ప్రభావం మాత్రతో సమానంగా కనిపించింది. అయితే పదహారు వారాలపాటు రోజూ వాడినప్పుడు పద్నాలుగుమందిలో ఏడుగురు జీర్ణకోశ ఇబ్బందుల వల్ల, లేదా కదలికలు క్షీణించడం వల్ల మధ్యలోనే మానివేశారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన ప్రమాదాన్ని గుర్తించాలి. గింజలో 5 శాతం లెవోడోపా ఉందనుకుంటే 5 గ్రాముల పొడిలో, అంటే సుమారు ఒక చెంచాలో, 250 మిల్లీగ్రాములు ఉంటుంది. పొడిని ఒంటరిగా తీసుకున్నప్పుడు ఇందులో అధికభాగం మెదడుకు చేరకముందే మారిపోతుంది. కానీ రోగి అప్పటికే కార్బిడోపా ఉన్న మాత్ర వాడుతుంటే, ఆ కార్బిడోపా పొడిలోని లెవోడోపాను కూడా కాపాడుతుంది. అప్పుడు చెంచాడు పొడి 100 మిల్లీగ్రాముల మాత్రలు రెండున్నర అదనంగా వేసుకున్నట్లవుతుంది. అసంకల్పిత కదలికలు, రక్తపోటు పడిపోవడం, లేనివి కనిపించే భ్రమలు దీని పర్యవసానాలు. 'మొక్క మందు కదా, హాని ఉండదు' అనే నమ్మకంతో మాత్రకు తోడుగా పొడి తీసుకునేవారు ఆ విషయాన్ని వైద్యుని వద్ద దాచడం కూడా సాధారణమే. దూలగొండి సాగును ప్రోత్సహించే శాస్త్రవేత్తలు మార్కెట్ వివరాలతో పాటు ఈ హెచ్చరికను తప్పక అందించాలి.

ఇతర మందులతో జాగ్రత్తలు

ఆహారంతో పాటు, చిన్న చిన్న అనారోగ్యాలకు పల్లెలలో తేలికగా దొరికే కొన్ని మాత్రలు పార్కిన్సన్ రోగికి హాని చేస్తాయి. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజీన్, కడుపు ఉబ్బరానికి ఇచ్చే మాత్రలలో కలిసి ఉండే లెవోసల్పిరైడ్, కళ్లు తిరగడానికి వాడే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ వంటివి మెదడులో డోపమిన్ పనిని అడ్డుకుంటాయి. ఇవి ఉన్న వ్యాధిని తీవ్రతరం చేయడమే కాక, వ్యాధి లేనివారిలో సైతం పార్కిన్సన్ లక్షణాలను పుట్టించగలవు. కారణమైన మందును గుర్తించి మానిపిస్తే ఆ లక్షణాలు చాలామందిలో క్రమంగా తగ్గిపోతాయి. అందువల్ల వణుకు కొత్తగా మొదలైన వ్యక్తి ఏయే మాత్రలు వాడుతున్నాడో తెలుసుకోవడం చాలా అవసరం.

సెలిజిలిన్, రసజిలిన్ అనే మందులు మెదడులో డోపమిన్ విచ్ఛిన్నతను తగ్గిస్తాయి. వీటిని వాడేవారు దగ్గు మందులలో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌ను, మోకాళ్ల నొప్పులకు ఇచ్చే ట్రమడాల్‌ను తీసుకోరాదు. ఎక్కువకాలం నిల్వచేసిన జున్ను, పులియబెట్టిన సోయా ద్రావకం, నిల్వ మాంసం వంటి వాటిలో టైరమిన్ అధికంగా ఉంటుంది. వైద్యుడు సూచించిన సాధారణ మోతాదులో కఠినమైన ఆహార నియమం అవసరం లేకపోయినా, టైరమిన్ మితిమీరి ఉన్న పదార్థాలను పెద్ద మొత్తంలో తినకపోవడం మంచిది. ఇడ్లీ, దోసె, తాజా పెరుగులను ఈ కారణంగా మానవలసిన పని లేదు.

మలబద్ధకం, రక్తపోటు, ఉపవాసం

మలబద్ధకం పార్కిన్సన్ వ్యాధిలో చాలా సాధారణం. వణుకు కనిపించడానికి సంవత్సరాల ముందే ఇది మొదలుకావచ్చు. జీర్ణకోశం కదలికలు మందగించినప్పుడు మాత్ర చిన్నపేగుకు చేరడం కూడా ఆలస్యమవుతుంది. పీచు అధికంగా ఉన్న కూరగాయలు, చిరుధాన్యాలు, జామ, బొప్పాయి వంటి పండ్లు, తగినన్ని నీళ్లు ఆహార సలహాలో తప్పక ఉండాలి.

లెవోడోపా వల్ల కూర్చున్నవారు లేచినప్పుడు రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు. ఎండలో పనిచేసి నీళ్లు తాగనివారిలో, మద్యం సేవించేవారిలో, రక్తపోటు మాత్రలు వాడేవారిలో ఈ ప్రమాదం ఎక్కువ. ఉపవాస దినాలలో భోజనం మానినా మాత్ర మానరాదు. ఉపవాస దీక్షలు పాటించదలచినవారు ముందుగానే వైద్యుని సంప్రదించి మాత్రల వేళలు నిర్ణయించుకోవాలి.

విస్తరణ కార్యకర్తల పాత్ర

మందు మోతాదు నిర్ణయించడం వైద్యుని బాధ్యత. కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాల శాస్త్రవేత్తలు, గృహ విజ్ఞాన విద్యార్థులు చేయగల పని వేరే ఉంది. వారు ఇంటికి వెళ్లినప్పుడు వంటను, భోజన వేళలను స్వయంగా చూడగలరు. నగరంలోని ఆసుపత్రిలో కొద్ది నిమిషాలు మాత్రమే రోగిని చూసే వైద్యునికి ఆ అవకాశం ఉండదు. పోషకాహార శిక్షణ సందర్భంలో ఇంట్లో వణుకు జబ్బుకు మందు వాడేవారు ఉన్నారని తెలిస్తే ఈ కింది విషయాలను అడిగి తెలుసుకోవాలి.

1. మాత్రను ఏ వేళలో, దేనితో మింగుతున్నారు? భోజనం ఎంతసేపటికి చేస్తున్నారు?

2. రోజులో ఏ గంటలలో కదలికలు బాగుంటున్నాయి, ఏ గంటలలో మందగిస్తున్నాయి?

3. ఇనుము, బలవర్ధక మాత్రలు, దూలగొండి పొడి వంటివి వాడుతున్నారా?

4. వాంతులు, గ్యాస్, కళ్లు తిరగడం, దగ్గు, నొప్పులకు వేరే మాత్రలు తీసుకుంటున్నారా?

5. గత ఆరు నెలలలో బరువు తగ్గారా? పప్పు, పాలు మానివేశారా?

వారంపాటు మాత్ర వేళ, తిన్న ఆహారం, కదలికల స్థితిని ఒక నోటు పుస్తకంలో రాయించడం ఎంతో ఉపయోగకరం. రాయగలిగిన మనుమడో, మనుమరాలో ఇంట్లో ఉంటే ఈ పని సులభమవుతుంది. ఆ పుస్తకం చూసిన వైద్యుడు మోతాదు పెంచాలా, భోజన వేళ మార్చితే సరిపోతుందా అనేది నిర్ణయించగలడు. అవసరం లేని మోతాదు పెంపు తప్పితే, దానితో వచ్చే దుష్ఫలితాలు, ఖర్చు కూడా తప్పుతాయి.

ముగింపు

పార్కిన్సన్ వ్యాధికి మందు జీవితాంతం వాడవలసినది. భోజనం కూడా అంతే. రెండూ ఒకదానికొకటి అడ్డుపడకుండా చూడడం కుటుంబం చేతిలో ఉన్న పని. మాత్రను భోజనానికి అరగంట ముందు మంచినీటితో వేసుకోవడం, ఇనుము మాత్రకు రెండు గంటల ఎడం పాటించడం, అవసరమైనవారికి మాత్రమే వైద్యుని సలహాతో పప్పు, పాలు రాత్రికి మార్చడం, దూలగొండి పొడిని సొంతంగా మాత్రకు జోడించకపోవడం, ఇతర మాత్రలు కొనేముందు వ్యాధి విషయం చెప్పడం అనే అయిదు జాగ్రత్తలు ఏ గ్రామీణ కుటుంబమైనా పాటించదగినవే. పప్పుధాన్యాల వినియోగంపై ఇచ్చే ప్రతి శిక్షణలో ఈ విషయానికి అయిదు నిమిషాలు కేటాయించవచ్చు. మందు పనిచేయడం లేదని నిరాశపడిన వ్యక్తి తిరిగి తన పొలం గట్టు వరకు నడవడానికి కొన్ని సందర్భాలలో భోజన వేళ మార్పే చాలు. ఆ సంగతి ఆ ఇంటికి చేరవేయగల స్థానంలో విస్తరణ శాస్త్రవేత్తలు ఉన్నారు.